ఏ చెట్టుది, ఏ పీపాది

నెగడు జర ఎగదొయ్యిరా, వేళ్లు కొంకర్లు పోతున్నయి. ఆ మొద్దు ముందటికి జరుపు. ఆఁ, గట్ల. సంక్రాంతికి ఇంతమందిమి ఒక్కకాడ కూసోని ఎన్నేండ్లాయెనో. ఇందాక కారు డిక్కీలకెల్లి ఆ విస్కీ సీసా తీసింది ఎవరో నేను అడగ. పెద్దోళ్లయిండ్రు, మీ సంపాదన మీది. కని ప్లాస్టిక్ గ్లాసుల పోసి, నిండ సోడా కొట్టి, కండ్లు మూసుకోని గుటుక్కున మింగినవు చూడు, దాని మీద ఒక పాత ముచ్చట చెప్త. నేను గూడ ఒకప్పుడు అట్ల మింగినోన్నే.

దానికంటె ముందు మా తాత ముచ్చట. మా ఊర్ల గౌడు పొద్దుగాల మోకు, ముస్తాదు ఏసుకోని తాళ్లెక్కి దిగెటాళ్లకు మా తాత చెరువు కట్ట కింద కూసోని ఉండేటోడు. నేను ఆయన పక్కన. తాటాకు రేకల గౌడు లొట్టి వంచి పోస్తే, ఆయన అప్పుడే నోట్ల పెట్టకపోవు. రేక ముక్కు కాడ పెట్టుకోని కొద్దిసేపు ఊకుంటుండె. గప్పుడు అడుగుతుండె: "ఏ చెట్టుదయ్యా ఇది?" గౌడు చెప్పకుండ నవ్వుతుండె. తాతనే చెప్పాలె. "బాయి కాడి పోతుతాడు" అంటుండె, లేకుంటె "కట్ట మీది వంకర చెట్టు" అంటుండె. ఎక్కువ సార్లు సరిగ్గనే చెప్తుండె. ఒక్క ఊరి తాళ్లే, ఒక్క చెరువు నీళ్లే, అయినా చెట్టు చెట్టుకు కల్లు మారుతదని నాకు ఏడెనిమిదేండ్లకే తెలిసింది. పొద్దుగాల దించింది తీపి, పొద్దెక్కినకొద్ది పులుపు. అంతకుమించి నాకు అప్పుడేం అర్థం కాలె.

ఇగ విస్కీ. 1968ల వరంగల్‌ల హౌస్ సర్జన్ చేస్తున్న. ఒక దోస్తు రూములో స్టీలు గ్లాసుల పోసి ఇచ్చిండ్రు. గొంతు నుంచి కడుపు దాకా నిప్పు దిగినట్టు. అందరు మింగుతున్నరు గదా అని నేను గూడ మింగిన. రుచి ఏందో ఎవలకు పట్టలే. ఎవలు ఎన్ని పెగ్గులు తట్టుకుంటరన్నదే లెక్క. అప్పట్ల మన దేశంల విస్కీ పేరుతోటి దొరికేదాంట్ల చానా మటుకు చక్కెర ఫ్యాక్టరీల మిగిలిన మొలాసిస్ మడ్డి నుంచి తీసిన స్పిరిట్టే. ఇప్పుడు గూడ అట్లాంటి సీసాలు ఉన్నయి. ధాన్యం నుంచి దించి, చెక్క పీపాల ఏండ్లకేండ్లు పెట్టిన దాన్నే వేరే దేశాల విస్కీ అంటరు. మేము తాగిందాంట్ల వాసన పట్టుకునేటందుకు ఏమన్న ఉన్నదో లేదో గూడ నాకు తెల్వది. మేం పట్టుకునేటందుకు చూస్తే గదా.

1971ల స్కాట్లాండు పోయిన. గ్లాస్గో. అప్పట్ల మన డిగ్రీలను వాళ్లు ఒప్పుకునేటోళ్లు, మన డాక్టర్లు మస్తుమంది పోయిండ్రు. ఒక ముసలాయన ఇంట్ల రూము కిరాయికి దొరికింది. డెబ్బై ఏండ్లుంటయి. భార్య పోయింది, ఒక్కడే. వంటింట్ల బొగ్గు మంట, దాని ముందట రెండు కుర్చీలు. ఆయన బతుకంత పీపాలు చేసిన మనిషి. మన కాడ వడ్లాయన బండి చక్రం ఎట్ల చేస్తడో అట్ల. ఆ పని నేర్వడానికే ఐదేండ్లు శిష్యరికం చేసిండట. మేకు లేదు, బంక లేదు. ఓకు చెక్క పలకలను వేడి పెట్టి వంచి, ఇనుప కట్లు బిగిస్తే నీళ్లు చుక్క కారొద్దు. యాడన్న సందు అనుమానమనిపిస్తే పలకల నడుమ ఎండిన జమ్ము పెడ్తరు. మన చెరువుల మొలిచే జమ్మే. ఆ మాట విన్ననాడు నాకు ఆయన మనోడనిపించిండు.

మొదటి శనివారం రెండు చిన్న గ్లాసులల్ల పోసిండు. మన చిన్న పెగ్గంత గూడ లేదు. నేను ఎత్తి ఒక్క గుక్కల కొట్టిన. ఆయన నవ్వలే, కోపం చెయ్యలే. గ్లాసు తీసుకపోయి కడిగి బోర్లించిండు. మల్ల శనివారం పోసుకుంట అడిగిండు: "డాక్టర్, నువ్వు రోగిని చూడకుండనే మందు రాస్తవా?" సిగ్గుతోటి సచ్చిపోయిన.

అప్పటికెల్లి ఆయన కాడ నాది చదువే. మొదలు నెల రోజులు వాసనే. గ్లాసు అరచేతిల పట్టుకో, ముక్కు లోపటికి దూర్చకు, జర దూరంల ఉంచు, నోరు కొద్దిగ తెరిచి పెట్టు. ఎందుకంటే స్పిరిట్టు ఘాటు ముందుగాల ముక్కును కొడ్తది, ఒక్కసారి ముక్కు మొద్దుబారిందంటె ఇగ ఆ రాత్రికి ఏం పట్టదు. తర్వాత నీళ్లు, రెండు మూడు చుక్కలు. నీళ్లు పడంగనె వాసన ఇచ్చుకుంటది, మన ఎండిన మట్టి మీద తొలకరి పడ్డట్టు. మంచు ముక్కలు వేస్తే వాసన ముడుసుకుంటది గనుక ఆయన వేయకపోవు. కని ఎవలన్న వేసుకుంటే వద్దనకపోవు. "వాళ్ల గ్లాసు వాళ్లది" అంటుండె.

నాకు వచ్చిన కష్టం వేరే. ఆయన "హెదర్ పువ్వు" అంటడు. నేను హెదర్ పువ్వు చూడలే. "క్రిస్మస్ కేకు" అంటడు, నాకు తెల్వది. నా ముక్కుకు ఏదో తగుల్తున్నది కని పేరు లేదు. ఆయన పేర్లనే బట్టీ పట్టి అప్పజెప్పుడు మొదలువెట్టిన, పరీక్షల పిలగాని లెక్క. ఆయన కనిపెట్టిండు. "నాది నాకు చెప్పకు, నీది చెప్పు" అన్నడు.

ఒకనాడు ముదురు రంగుది పోసిండు. ముక్కు కాడ పెట్టంగనె నేను తాడ్వాయి అడవిల ఉన్న. మా బాపు ఫారెస్టు గార్డుగ చేసినప్పుడు ఎండకాలం సెలవులకు ఆడికి పోతుంటిమి. కోయోళ్ల వాకిట్ల ఇప్పపువ్వు ఎండబోసి ఉండేది. ఆ తీపి, ఆ మగ్గిన వాసన, ఎండు ద్రాక్షల కంటె జర ముదురు, వెనుక చిన్న చేదు. "ఇప్పపువ్వు" అన్న, తెలుగులనే. ఆయన మల్ల మల్ల అనిపించుకున్నడు. చిన్న నోటు పుస్తకం తీసి వాళ్ల అక్షరాలల్ల రాసుకున్నడు. ఆ చెట్టు ఎట్లుంటది, పువ్వు ఎప్పుడు రాలుతది, ఎవరు ఏరుతరు, దాన్నుంచి సారా ఎట్ల తీస్తరు, రాత్రి పన్నెండు దాకా అడిగిండు. ఇగ ఆయన చెప్పిండు: ఆ విస్కీ పెట్టిన పీపాల అంతకుముందు స్పెయిన్‌ల షెర్రీ అనే ద్రాక్ష సారాయం ఉండెనట. ఆ తీపి చెక్కల ఇంకి, విస్కీలకు దిగిందట.

గప్పుడు నాకు పీపా సంగతి తెలిసింది. మీరనుకుంటరు, ఆ రంగు విస్కీదేనని. బట్టి నుంచి దిగినప్పుడు అది నీళ్ల లెక్క తెల్లగ ఉంటది. రంగు చెక్కది. కొన్నిట్ల కాల్చిన చక్కెర రంగు గూడ కలుపుతరనుకో. స్కాట్లాండు చట్టం ప్రకారం కనీసం 3 ఏండ్లు ఓకు పీపాల ఉంటేనే దానికి స్కాచ్ అనే పేరు. మంచివి పది, పన్నెండు, పద్దెనిమిది ఏండ్లు ఉంటయి. అన్నేండ్లు చెక్క ఊపిరి పీల్చుకుంటనే ఉంటది. ఏడాదికి 2 శాతం దాకా ఆవిరై పోతది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటరు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు పైకి చూసి గ్లాసు జరంత ఎత్తుతుండె, భార్యను యాది చేసుకుంట.

ఇంకోటి. అమెరికాల బర్బన్ అని ఉంటది, అండ్ల సగానికి పైన మక్కజొన్న ఉండాలె. వాళ్ల చట్టం ప్రకారం దాన్ని లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలల్లనే పెట్టాలె. ఒకసారి వాడిన పీపా వాళ్లకు మల్ల బర్బన్‌కు పనికిరాదు. ఆ పాత పీపాలు సముద్రం దాటి స్కాట్లాండు వస్తయి. మా ఇంటాయన చేతుల మీదుగ అట్లాంటివి ఎన్ని పోయినయో. ఆ అమెరికా చెక్కల పెట్టినదాంట్ల నాకు కొబ్బరి వాసన తగిలింది, పచ్చి కొబ్బరి గాదు, లౌజు చేసేటప్పుడు వచ్చేది. ఆయన ఒప్పుకున్నడు. ఆ చెక్కలనే ఆ గుణముందన్నడు.

ఇగ 1974 ఎండకాలం. ఆయన నన్ను ఐలా దీవికి తీసుకపోయిండు. స్కాట్లాండు పడమటి దిక్కు సముద్రంల ఉన్న దీవి. పడవల రెండు గంటలకు పైన. నాకు వాంతి ఒక్కటే తక్కువ. పోర్ట్ ఎలెన్ రేవు కాడ దిగినంక తూర్పు దిక్కు ఒక్క తొవ్వ మీద, కొద్ది మైళ్ల లోపల్నే లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్, మూడు బట్టీలు. సముద్రపు ఒడ్డున తెల్ల గోడలు, వాటి మీద నిలువెత్తు నల్లక్షరాలతోటి పేర్లు.

ఆడ చెట్లు తక్కువ. పొయ్యిల పెట్టేది పీటు. అది బొగ్గు గాదు, కట్టె గాదు. తడి నేలల నాచు, గడ్డి సగం కుళ్లి సగం కుళ్లక వేల ఏండ్లు ఒకదాని మీద ఒకటి పడి తయారైన నల్ల మన్ను. పొడుగు పారతోటి ఇటుకల లెక్క కోసి, గాలికి ఎండబెడ్తరు. కుప్ప చూస్తే నాకు మన పిడకల గూడే యాదికొచ్చింది. బార్లీ గింజలను రెండు రోజులు నానబెట్టి, రాతి నేల మీద పరిచి, మొలకెత్తనిస్తరు. మొలక గట్టిగ పెనవేసుకోకుండ మనుషులు కట్టె పారలతోటి రేయింబవళ్లు తిరగేస్తనే ఉండాలె. నేను డాక్టర్ని గద, నా కండ్లు వాళ్ల భుజాల మీద పడ్డయి. ముసలి పనోళ్లల్ల కొందరికి ఒక్క భుజం కిందికి వాలి ఉన్నది. దానికి వాళ్ల భాషల పేరే ఉన్నది, కోతి భుజం అంటరు. ఏండ్ల తరబడి పార పట్టిన గుర్తు. ఆ భుజాలు చూసినంక మీ అసొంటి పిలగాళ్లు గుటుక్కున మింగుతుంటే నాకు పానం ఒప్పది.

మొలకెత్తిన గింజను పీటు పొగల ఎండబెడ్తరు. ఆ పొగ గింజకు పడ్తది. తర్వాత పిండి చేసి, వేడి నీళ్లల్ల తీపి దించి, ఈస్టు వేసి పులియబెడ్తరు. అప్పుడది ఎట్లుంటదనుకున్నరు? మన కల్లే. బార్లీ కల్లు. దాన్ని రాగి బట్టిల రెండు సార్లు కాస్తరు. ముందుగాల వచ్చేది తీసేస్తరు, ఆఖర్ది తీసేస్తరు, నడుమదే పీపాలకు. ఏ ఘడియల మొదలుపెట్టాలె, ఏ ఘడియల ఆపాలె అన్న కాడనే బట్టీ బట్టీకి రుచి మారుతది.

లఫ్రోయిగ్‌ల ఒక పనాయన నాకు గ్లాసు ఇచ్చిండు. ముక్కు కాడ పెట్టిన. ఏం వాసనొచ్చిందో చెప్పుండ్రి. ఆపరేషన్ థియేటర్! ఫినాయిలు, అయోడిన్, కాలిన కట్టె, వీటి వెనుక ఉప్పు గాలి. ఎనుకకు జరిగిన. మా ఇంటాయన నా మొఖం చూస్తున్నడు. అప్పుడు నా తలకాయల దీపమెలిగింది. పీటు పొగల ఉండేది ఫినాల్ జాతి పదార్థాలు గద! మేము చదువుకున్న కార్బాలిక్ ఆమ్లం అంటె ఫినాలే. 1865ల ఇదే గ్లాస్గోల, రాయల్ ఇన్ఫర్మరీల, జోసెఫ్ లిస్టర్ బండి కింద పడి కాలిరిగిన 11 ఏండ్ల పిలగాని గాయానికి కార్బాలిక్ ముంచిన గుడ్డ కట్టిండు. గాయం చీము పట్టలే, కాలు నిలిచింది. సర్జరీ చరిత్ర ఆడనే మర్లింది. వరంగల్‌ల పుస్తకంల చదివిన ఆ కథకు, ఈ గ్లాసుల ఉన్నదానికి వాసన చుట్టరికం. అది తెలిసినంక రెండో గుక్క వేరే తీరుగ దిగింది. అమెరికాల మందు బంద్ పెట్టిన రోజులల్ల, 1920 నుంచి 1933 దాకా, లఫ్రోయిగ్‌ను ఈ వాసన చూసే మందుల కింద రానిచ్చిండ్రని ఆ దీవోళ్లు చెప్పుకుంటరు.

ఆ బట్టీని శానా ఏండ్లు నడిపింది ఒక ఆడామె. బెస్సీ విలియమ్సన్. గ్లాస్గోల చదువుకున్న ఆమె 1934ల కొద్ది రోజుల టైపిస్టు పనికని ఆ దీవికి వచ్చింది. 1954ల యజమాని చచ్చిపోతు బట్టీని ఆమెకే ఇచ్చిపోయిండు. 1972 దాకా ఆమెనే చూసుకున్నది. మేం పోయింది ఆమె దిగిపోయిన రెండేండ్లకు. ఆడి పనోళ్లు ఆమె పేరు ఎత్తితే గొంతు మార్చి మాట్లాడిండ్రు, మనం ఊరి పెద్దమ్మ గురించి మాట్లాడినట్టు.

ఐర్లాండుది గూడ రుచి చూసిన, మా వార్డుల ఒక నర్సమ్మ ఊరికి పోయి తెచ్చింది. వాళ్ల పద్ధతి చానా మటుకు మూడు సార్లు కాసుడు, మొలకెత్తని బార్లీ గూడ కలుపుడు. మెత్తగ, నూనె లెక్క నాలిక మీద పరుసుకుంటది. జపానోళ్ల సంగతి వేరే దినం చెప్త. తకెత్సురు అనే పిలగాడు 1918ల గ్లాస్గో వచ్చి, ఈ విద్య నేర్సుకోని, ఆడి పిల్లను పెండ్లి చేసుకోని పోయిన కథ శానా పెద్దది.

1978ల సెలవులకు ఊరికొచ్చిన. అప్పట్ల ఫారిన్ నుంచి ఎవలొచ్చినా ఇంట్ల అందరిది ఒకటే ప్రశ్న, జానీ వాకర్ తెచ్చినవా అని. బ్లాక్ లేబుల్ ఒకటి తెచ్చిన. అది ఒక్క బట్టీది గాదు, ఎన్నో బట్టీల మాల్టులు, అంటే మొలకెత్తిన బార్లీ విస్కీలు, వేరే ధాన్యంతోటి తీసిన తేలిక విస్కీ కలిపి చేసేది. కిల్‌మార్నక్ ఊర్ల 1820ల ఒక కిరాణ కొట్టు పెట్టిన కుటుంబం పని అది. కలుపుడును చిన్నగ చూడకుండ్రి. ఏటేటా పీపాలు మారినా రుచి మారకుండ నిలబెట్టుడు ఎంత కష్టమో మా ఇంటాయన చెప్పిండు. ఇంట్ల పద్నాలుగు మందిమి, తలా ఇంత. అందరు మింగి మూతులు తుడుసుకున్నరు. మా చిన్నాయన ఒక్కడు మింగలే. బతుకంత కల్లు తప్ప వేరేది ముట్టనోడు. గ్లాసు ముక్కు కాడ పెట్టుకోని చానసేపు ఊకున్నడు, అచ్చం మా తాత లెక్క. గప్పుడు అన్నడు: "కమ్మరి కొలిమి కాడ నిలబడ్డట్టున్నదిరా." నాకు ఒళ్లు జలదరించింది. బ్లాక్ లేబుల్‌ల పొగ ఉన్న మాట నిజం. నేను మూడేండ్లు కూసోని నేర్సుకున్నది ఆయన ఒక్క ఘడియల పట్టిండు. ఎవరు నేర్పిండ్రాయనకు? చెరువు కట్ట కింది తాళ్లు నేర్పినయి.

ఒక మాట మాత్రం మీరు చెవుల పెట్టుకోవాలె. నేను ఈ రుచులన్ని చెప్తున్నగని, డాక్టర్‌గ కడుపు ఉబ్బి, కండ్లు పచ్చబడి నా చేతుల మీద పోయినోళ్లు గ్లాస్గోల ఉన్నరు, ఈడ ఉన్నరు. లివర్ పాడైనోనికి మాల్టైనా మడ్డైనా ఒక్కటే. మన చుట్టాలల్లనే ఒకడు ప్యాకెట్ల సారాకు కూలి పైసలన్ని పోసి, ముప్పై ఆరేండ్లకు పోయిండు. వాని భార్య ఇద్దరు పిల్లలతోటి పుట్టింటికి పోయిన బండి ఎనుక నేను నడిచిన. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా దుకాణాల మీదికి లేచిన వార్త నేను గ్లాస్గోల చదివిన. ఆ రాత్రి గ్లాసు ముట్టబుద్ధి కాలే. 1993ల సారా బంద్ అయిందంటె ఆ ఆడోళ్ల పుణ్యమే. రోజు తాగెటోనికి, ఖాళీ కడుపుతోటి తాగెటోనికి, బండి నడిపెటోనికి నేను ఈ ముచ్చట చెప్తలేను. వారానికొకనాడు, ఒక్క చిన్న కొలత, గంటసేపు. మా ఇంటాయన సీసా ఒకటి మూడు నెలలు వచ్చేది.

ఆయన 1986ల పోయిండు. పోయే ముందు ఒకనాడు మంచం మీదనే కూసోని, షెర్రీ పీపా పలక ముక్క ఒకటి నా చేతుల పెట్టిండు. ఒక దిక్కు రందా పట్టింది, ఇంకో దిక్కు లోపల కాల్చిన నలుపు. మాటలేం చెప్పలే. నోటు పుస్తకం గూడ నాకే ఇచ్చిండు. అండ్ల ఇప్ప ఉన్నది, కొబ్బరి లౌజు ఉన్నది, కమ్మరి కొలిమి ఉన్నది. మా చిన్నాయన మాట నేను చెప్తే రాసుకున్నడు. 2004ల బెంగళూరు అమృత్ బట్టీ వాళ్ల సింగిల్ మాల్ట్, అంటే ఒక్క బట్టీ మాల్టు, మొట్టమొదలు అమ్మకానికి వచ్చింది ఆ గ్లాస్గోలనే. మన దేశపు బార్లీ, మన ఎండ. ఆ వేడికి పీపా నుంచి దేవదూతల వాటా స్కాట్లాండు కంటె ఎన్నో రెట్లు పోతది, అందుకే అది నాలుగైదేండ్లకే పక్వానికొస్తది. ఒక సీసా కొన్న. పోయడానికి ఆయన లేడు. ఆ బొగ్గు మంట కాడ రెండో కుర్చీ గూడ లేదు, ఇల్లు ఎవరో కొనుక్కున్నరు.

మీ నాయనమ్మను అడిగి నా పెట్టెల నుంచి ఆ గుడ్డ మూట పట్టుకరా బిడ్డా. ఆఁ, ఇదే. మంటకు దూరం జరుగుండ్రి, లేకుంటె పొగ వాసననే తగుల్తది. నల్ల దిక్కు పైకి పెట్టు. చేతులల్ల జరసేపు పట్టుకో, వేడెక్కనియ్యి. ఇన్నేండ్లకు వాసన చానా తగ్గింది, ఓపిక పట్టాలె. ఇగ ముక్కు కాడికి తీసుకపో. నన్ను చూడకు. ఇప్పపువ్వనకు, అది నాది. నీకేం తగిలిందో చెప్పు, రాసుకుంట.